మహేంద్రగిరి నడకకు మందుల సంచి: ఏం వేసుకోవాలి, ఏం తీసేయాలి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కార్తీకమాసంలో ఐదుగురం కలిసి మహేంద్రగిరి ఎక్కుదామనుకుంటున్నాం. బండి రోడ్డున కాదు, కొండ దిగువ సవర ఊళ్ల మీదుగా అడవి దారిన. రెండు రాత్రులు, మూడు పగళ్లు. ఆన్‌లైన్‌లో వంద వస్తువుల ఫస్ట్ ఎయిడ్ కిట్ ఒకటి కొన్నాను. దానికి తోడు పాము విషానికి ఇంజెక్షన్, విషం పీల్చే పంపు, అజిత్రోమైసిన్, క్లోరోక్విన్ కూడా పెట్టుకోమని తలా ఒకటి చెబుతున్నారు. మా బావగారికి 48 ఏళ్లు, షుగర్ మాత్రలు వాడతారు. ఇంకో స్నేహితుడు హైదరాబాదు నుంచి వస్తున్నాడు. ఎవరి సంచిలో ఏం ఉండాలి, ఎంత ఉండాలి? (ఒక పాఠకుడు)

సమాధానం:

ముందు ఆ వంద వస్తువుల డబ్బాను మంచం మీద బోర్లించండి. సగానికి పైగా వేలెడంత బ్యాండ్‌ఎయిడ్‌లు, స్పిరిట్ అద్దిన కాగితపు ముక్కలు ఉంటాయి. ఒక దూది ఉండ, గుడ్డను కూడా కత్తిరించని కత్తెర, పట్టు లేని ప్లాస్టిక్ పట్టకారు కూడా ఉంటాయి. బ్యాండ్‌ఎయిడ్‌లు పది ఉంచుకోండి. దూది తీసేయండి, దాని పోగులు పుండుకు అతుక్కుపోయి కట్టు మార్చేటప్పుడు ప్రాణం తీస్తాయి. విజిల్ ఉంటే మాత్రం పారేయకండి, అది మెడలో ఉండాల్సిన వస్తువు. మిగతాది మందుల షాపులో విడిగా కొంటేనే సరుకు బాగుంటుంది, ఖర్చూ తగ్గుతుంది.

అడవి అనగానే అందరికీ పాము గుర్తొస్తుంది. సంచి తెరవాల్సి వచ్చేది మాత్రం పాదాల కోసం, కడుపు కోసం, జారిపడిన మోకాలి కోసం. 1501 మీటర్ల కొండ ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. దిగేటప్పుడు కాలివేళ్లు బూటు ముందు భాగానికి గుద్దుకుంటాయి, గోళ్ల కింద రక్తం గడ్డకడుతుంది, మడమ ఒరుసుకుంటుంది. బయల్దేరడానికి రెండు మూడు రోజుల ముందే గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించుకోండి. కొత్త బూట్లు అసలు వద్దు. దిగేముందు చీలమండ దగ్గర లేసు బిగించి కట్టండి, పాదం ముందుకు జారదు.

బొబ్బ ఒక్కసారిగా రాదు. ముందు అక్కడ వెచ్చగా, చురచురమంటూ ఉంటుంది. ఆ క్షణంలోనే ఆగి బూటు విప్పినవాడికి బొబ్బ రాదు. ‘ఆ మలుపు దాకా పోయి చూద్దాం’ అన్నవాడికి వస్తుంది. పాదం తుడిచి బాగా ఆరనిచ్చి, ఒరుసుకునే చోట గుడ్డ ప్లాస్టరు వేయండి. ల్యూకోప్లాస్ట్ అని అడిగితే ఇస్తారు. మైక్రోపోర్ కాగితం టేపు ఇక్కడ పనికిరాదు, చెమటకు గంటలో ఊడి సాక్సులో ఉండలా చుట్టుకుని అదే కొత్త బొబ్బ తెస్తుంది. ప్లాస్టరు మూలలు గుండ్రంగా కత్తిరించండి, చదరపు మూలలు సాక్సుకు తగిలి లేస్తాయి. ఒకసారి వేశాక ఆ రోజు నడక అయ్యేదాకా పీకకండి, చర్మం కూడా వచ్చేస్తుంది.

బొబ్బ వచ్చేసి, చిన్నదైతే పగలగొట్టవద్దు. మడమ కిందో అరికాలి మీదో పెద్దదై నడవనివ్వకపోతే చర్మాన్ని క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్‌తో తుడిచి, కొత్త సిరంజి సూదితో అంచున రెండు చోట్ల పొడిచి, నీరు మెల్లగా నొక్కి తీసేయండి. పై చర్మం లాగేయకూడదు, అదే మంచి కట్టు. దాని మీద గాజుగుడ్డ, ఆపైన ప్లాస్టరు. నూలు సాక్సులు తడిస్తే రోజంతా తడిగానే ఉంటాయి, అందుకే సింథటిక్‌వో ఉన్నివో మూడు జతలు తెచ్చుకోండి. మూడో జత పడుకునేటప్పుడు మాత్రమే వేసుకోవాలి, నడకకు వాడకూడదు. తొడలు ఒరుసుకునేవాళ్లు చిన్న వాజలీన్ డబ్బా మర్చిపోవద్దు. ఈ విషయం సిగ్గుపడి ఎవరూ అడగరు, రెండో రోజు నడక ఆగిపోయేది చాలాసార్లు దానివల్లే.

ఇప్పుడు మీ బావగారి సంగతి. ఆయన బొబ్బను సూదితో ముట్టుకోవద్దు, ఎంత పెద్దదైనా సరే. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు అరికాలి స్పర్శ తగ్గి ఉండొచ్చు, చురచుర తెలియదు. అందుకని రెండు గంటలకోసారి ఆయన బూట్లు విప్పించి, రెండు పాదాలూ ఇంకొకరు కళ్లతో చూడాలి. అంతకంటే ముఖ్యం, ఆయన మాత్రల్లో గ్లిమెపిరైడ్ గానీ గ్లిక్లజైడ్ గానీ ఉందేమో చూడండి. రోజంతా కొండెక్కి, భోజనం ఆలస్యమైతే ఈ మందులు షుగర్‌ను బాగా కిందికి దించేస్తాయి. ఆ మూడు రోజులకు మోతాదు తగ్గించాలా, వాంతులు విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్ ఆపాలా అన్నది ఆయన డాక్టరును ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి.

చెమటలు, వణుకు, చిరాకు, తడబడే మాట కనిపిస్తే అలసట అనుకోవద్దు. గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ మూడు నాలుగు చెంచాలు, అంటే 15 నుంచి 20 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించండి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు చక్కెరను రక్తంలోకి త్వరగా పోనివ్వదు. పావుగంట ఆగి గ్లూకోమీటరుతో చూసి, 70 కన్నా తక్కువుంటే మళ్లీ ఇవ్వండి. కుదుటపడ్డాక బిస్కెట్లో అటుకులో తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గ్లూకోజు ప్యాకెట్ ఆయన జేబులో ఒకటి, ఇంకొకరి జేబులో ఒకటి ఉండాలి. మీటరు స్ట్రిప్పులు తేమకు పాడవుతాయి, వాటిని వాటి డబ్బాలోనే ఉంచి మూత బిగించండి.

గాయాలకు వద్దాం. అడవిలో గాయానికి మొదటి మందు నీళ్లు. తాగే నీళ్లంత శుభ్రమైన నీళ్లు అర లీటరు, 20 మి.లీ. సిరంజితో (సూది తీసేసి) జోరుగా కొడితే మట్టి, ఆకు ముక్కలు పోతాయి. ఆ తర్వాతే పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్ పలుచగా, గాజుగుడ్డ, రోలర్ బ్యాండేజీ. పసుపు, కాఫీపొడి, సున్నం పెడితే రక్తం ఆగినట్టు కనిపిస్తుంది, మురికి లోపలే ఉండిపోతుంది, ఆసుపత్రిలో దాన్ని గీకి తీయాల్సి వస్తుంది. కత్తో రాయో లోతుగా కోసి రక్తం కారుతుంటే మడత పెట్టిన గాజుగుడ్డ పెట్టి అరచేత్తో పది నిమిషాలు గట్టిగా నొక్కండి. మధ్యలో ‘ఆగిందా’ అని ఎత్తి చూడొద్దు, ఎత్తిన ప్రతిసారీ లెక్క మొదటికొస్తుంది. తడిస్తే దాని మీదే ఇంకోటి పెట్టండి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటినవాళ్లు బయల్దేరే ముందే వేయించుకోవాలి, అది సంచిలో పెట్టుకుని పోయేది కాదు.

కాలు మడతపడితే కూర్చోబెట్టి, వాపు ఎక్కకముందే 10 సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజీని వేళ్ల మొదలు నుంచి పైకి, చీలమండ చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో చుట్టండి. వేలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి, లేకపోతే బిగువు ఎక్కువైనట్టే. పట్టుకుని నిలబెట్టినా నాలుగు అడుగులు వేయలేకపోతే ఎముక విరిగిందనుకునే నడుచుకోవాలి. గొడుగు కర్ర, తువ్వాలు, ఆ క్రేప్ బ్యాండేజీ కలిస్తే బద్ద కట్టు అయిపోతుంది.

నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే. ఆరు గంటలకొకసారి 500 మి.గ్రా. మాత్రలు ఒకటి లేదా రెండు, రోజుకు ఆరు మాత్రలు దాటకుండా. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఉన్న మాత్రలు ఇంట్లోనే వదిలేయండి. చెమటకు ఒళ్లు ఎండిపోయినప్పుడు అవి కిడ్నీల మీద పడతాయి. డెంగీ జ్వరంలో, పింజరి కాటులో రక్తస్రావాన్ని పెంచుతాయి.

నీళ్ల దగ్గర జాగ్రత్త పడితే కడుపు మందుల అవసరం సగం పోతుంది. కొండ వాగు ఎంత తేటగా ఉన్నా పైన పశువులు దిగే చోటు ఉంటుంది. గుడ్డతో వడగట్టి, తెర్లు కాగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచి దించండి. పొయ్యి వీలుకాని చోట క్లోరిన్ బిళ్ల వేయండి. బిళ్లల బలం రకరకాలుగా ఉంటుంది, కొన్ని లీటరుకు, కొన్ని ఇరవై లీటర్లకు, షీటు మీద చదివే వేయాలి. వేశాక అరగంట ఆగాలి.

ఓఆర్‌ఎస్ డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని రాసున్న 20.5 గ్రాముల ప్యాకెట్లే కొనండి, మనిషికి నాలుగు. పళ్లరసంలా తియ్యగా అమ్మే డబ్బా పానీయాలు దానికి బదులు కావు. ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే: చేతిలో అర లీటరు సీసా ఉందని ప్యాకెట్ అంతా అందులో పోసేయడం. ఉప్పు, చక్కెర చిక్కబడి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. లీటరు సీసా ఒకటి కచ్చితంగా ఉండాలి. కలిపింది 24 గంటల్లో అయిపోవాలి. మీ బావగారు ‘నాకు షుగర్ కదా’ అని మానేయకూడదు, లీటరులో ఉండేది 13.5 గ్రాముల గ్లూకోజే. విరేచనాలను ఆపే లోపెరమైడ్ 2 మి.గ్రా. మాత్రలు ఆరు చాలు, అదీ కొండ దిగి వాహనం దాకా రావడానికి. మొదట రెండు, తర్వాత పల్చటి విరేచనం అయినప్పుడల్లా ఒకటి, రోజుకు నాలుగు దాటకూడదు. జ్వరం గానీ, మలంలో రక్తం గానీ ఉంటే అసలు వేయకూడదు, రోగం లోపలే నిలిచిపోతుంది.

ఇక పాము. ఆ ఇంజెక్షన్ సంచిలో పెట్టుకోమన్నవాళ్లు దాన్ని ఎలా ఇస్తారో చూసినవాళ్లు కాకపోవచ్చు. యాంటీవెనమ్ కండకు పొడిచేది కాదు. పొడిని కరిగించి, మొదటి మోతాదే ఎనిమిది నుంచి పది వయళ్లు, సెలైన్‌లో కలిపి నరంలోకి గంటసేపు ఎక్కిస్తారు. అది గుర్రం రక్తం నుంచి తీసిన మందు కాబట్టి కొందరికి తీవ్రమైన అలర్జీ వచ్చి రక్తపోటు పడిపోతుంది, అందుకు పక్కనే అడ్రినలిన్ (ఆ అలర్జీని అదుపు చేసే ఇంజెక్షన్) సిద్ధంగా ఉంచుకుంటారు. పైగా అది నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి అనే నాలుగింటి విషానికే. తూర్పు కనుమల వెదురు పొదల్లో ఉండే పచ్చ పింజరికి అది పనిచేయదు. విషం పీల్చే పంపు దండగ, కాటు దగ్గర కండను పాడుచేయడం తప్ప విషాన్ని బయటకు తీయలేదు.

కాటు పడితే చేయాల్సింది ఇది. పాము నుంచి దూరం జరిగి మనిషిని పడుకోబెట్టండి, నడవనివ్వకండి. ఉంగరం, గడియారం, మెట్టెలు, కాలి దారం వాపు రాకముందే తీసేయండి. కాటుపడ్డ కాలికో చేతికో కర్ర ఆనించి క్రేప్ బ్యాండేజీతో వదులుగా, విరిగిన ఎముకకు కట్టినట్టే కట్టండి, అది కదలకుండా ఉండటానికే. కాటు టైము కాగితం మీద రాయండి. కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం వద్దు. పైన తాడు బిగించడం అస్సలు వద్దు: పింజరి కాటైతే కట్టు కింద కండ కుళ్లుతుంది, నాగు గానీ కట్లపాము గానీ అయితే కట్టు విప్పగానే విషం ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. మీరు చేరేలోపే ఎవరైనా కట్టేసి ఉంటే దారిలో విప్పకండి, డాక్టరు ముందే విప్పించాలి. పామును వెతికి చంపాల్సిన పని లేదు, రెండో కాటు అలాగే పడుతుంది.

మోసుకెళ్లడానికి ఆ కొండ ఊళ్లలో డోలీ కట్టడం అందరికీ వచ్చు, అడగండి. బండి దారి తగిలాక మోటారు సైకిలే దిక్కైతే రోగిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టి వెనకవాడు గట్టిగా పట్టుకోవాలి. పర్లాకిమిడి జిల్లా కేంద్ర ఆసుపత్రిలోనో, దారిలో దగ్గరున్న కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లోనో యాంటీవెనమ్ ఉందో లేదో బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి.

కట్లపాము గురించి ఒక మాట వేరుగా చెప్పాలి. అది రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లారి ఒకరు కడుపునొప్పి అంటూ, రెప్పలు బరువై వాలిపోతుంటే గాటు కనిపించకపోయినా కట్లపాము కాటే అనుకుని దించేయండి. దీనికి మందు సంచిలో దొరకదు, దోమతెరలో దొరుకుతుంది. తెర అంచులు చాప కిందికి మడిచి పడుకుంటే పాము, జెర్రి, దోమ మూడూ బయటే.

ఆ తెర మలేరియాకూ కావాలి. కొండ వాగుల్లో నెమ్మదిగా పారే నీటిలో గుడ్లు పెట్టే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ మన ప్రాంతంలో ఈ జబ్బు మోస్తుంది, రాత్రిపూట కుడుతుంది. అందుకే గుడారం వాగు ఒడ్డున వేయొద్దు. 2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ కార్యక్రమం మొదలుపెట్టి కొండ ఊళ్లలో మందు దోమతెరలు పంచి, ఊరంతటికీ రక్తపరీక్షలు చేయించింది, జబ్బు బాగా తగ్గింది, పోలేదు. క్లోరోక్విన్ మాత్రం తీసేయండి. ఇక్కడ ఎక్కువగా ఉండే ఫాల్సిపేరం రకానికి అది పనిచేయదు, పైగా సగం మోతాదు మింగితే జ్వరం తాత్కాలికంగా తగ్గి పరీక్ష ఆలస్యమవుతుంది. హైదరాబాదు మిత్రుడికి ముందుజాగ్రత్త మాత్ర కావాలంటే డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకొకటి, రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక నాలుగు వారాల దాకా వాడాలి. అది డాక్టరు రాసిస్తేనే. రెండు రాత్రులకు తెర, పొడుగు చేతుల చొక్కా, సాయంత్రం పూసుకుని చెమట పట్టాక మళ్లీ పూసుకునే దోమల క్రీము శ్రద్ధగా వాడటమే ముఖ్యం. అజిత్రోమైసిన్ కూడా ఇంట్లోనే. మూడు రోజుల నడకలో యాంటీబయాటిక్ వేయాల్సినంత జబ్బు చేస్తే ఆ మనిషి ఉండాల్సింది కొండ మీద కాదు.

పురుగూపుట్రా త్వరగా చెప్పేస్తాం. జలగ పట్టుకుంటే ఉప్పు, నిప్పు పెట్టకండి, అది కక్కేది గాయంలోకే పోతుంది. గోరుతో ముందు సన్నటి మూతి పక్క, తర్వాత రెండో కొస నెట్టేయండి. రక్తం చాలాసేపు కారుతుంది, నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. పిడుదును మాత్రం సన్నమొన ఇనప పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి. దూలగొండి నూగు తగిలితే గోకవద్దు, ప్లాస్టరు అతికించి పీకితే నూగు దానితో వచ్చేస్తుంది, తర్వాత కడగండి. తేనెటీగలు లేస్తే కూర్చోవద్దు, ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తండి, ముళ్లను గోరుతో వెంటనే గీకేయండి. దద్దుర్లకు సెట్రిజిన్ 10 మి.గ్రా. ఒకటి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి పిల్లికూతలు పెట్టినా సెట్రిజిన్‌తో ఆగదు, ఆసుపత్రికి పరుగే. మీ ఐదుగురిలో అలా ఒకసారి అయినవాళ్లు ఉంటే వాళ్లు అడ్రినలిన్ సంగతి డాక్టరుతో తేల్చుకునే రావాలి. తేలు కుట్టి నొప్పి ఒక్కటే ఉంటే పారాసెటమాల్ చాలు. చెమటలు, వాంతులు, చేతులు చల్లబడటం కనిపిస్తే ఆగొద్దు. కోతి గానీ కుక్క గానీ కరిస్తే పావుగంట సబ్బునీళ్లతో కడిగి, ఆ రోజే టీకాకు దిగాలి.

సంచి సర్దుడు. ప్రతి ఒక్కరి దగ్గర అరచేతి వెడల్పు జిప్‌లాక్ కవరులో: పారాసెటమాల్ పది, సెట్రిజిన్ నాలుగు, ఓఆర్‌ఎస్ నాలుగు, బ్యాండ్‌ఎయిడ్‌లు రెండు, క్లోరిన్ బిళ్లలు, ఎవరి రోజువారీ మందులు వాళ్లవి రెండు రోజులకు అదనంగా. గుంపంతటికీ ఒకే డబ్బా: గాజుగుడ్డ స్టెరైల్ ప్యాకెట్లు పది, రోలర్ బ్యాండేజీలు రెండు, క్రేప్ బ్యాండేజీలు రెండు, ల్యూకోప్లాస్ట్ ఒక చుట్ట, పోవిడోన్ ఆయింట్‌మెంట్ 20 గ్రాములు, 20 మి.లీ. సిరంజి ఒకటి, సూదులు రెండు, చేతి తొడుగులు రెండు జతలు, ఇనప పట్టకారు, మంచి కత్తెర, పిన్నీసులు ఆరు, చిన్న సబ్బు, లోపెరమైడ్, వాజలీన్, తామరకు క్లోట్రిమజోల్ క్రీము, గ్లూకోమీటరు. ద్రవం సీసాలు వద్దు, మూత వదులై డబ్బా అంతా గోధుమరంగు అవుతుంది. మాత్రలు షీటులోంచి తీసి విడిగా పోయకండి, తేమకు మెత్తబడతాయి. షీటు కోసేటప్పుడు మందు పేరు, గడువు తేదీ ఉన్న కొస ఉండేలా కోయండి. కవరు మీద మార్కరుతో ‘నొప్పి/జ్వరం’, ‘దద్దుర్లు’ అని తెలుగులో పెద్దగా రాయండి, రాత్రి టార్చి వెలుగులో బ్రాండు పేర్లు ఎవరూ చదవలేరు.

లోపల ఒక కార్డు: పేరు, వయసు, రక్తం గ్రూపు, వాడే మందులు, పడని మందులు, ఇంటి ఫోను. ఇది మాత్రం తెలుగులో కాదు, ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాయించండి, చూసే డాక్టరు తెలుగు చదవగలడని నమ్మకం లేదు. 108కి ఫోన్ చేస్తే ముందు ‘ఒడిశా, గజపతి జిల్లా’ అని చెప్పి తర్వాత ఊరి పేరు చెప్పండి, సరిహద్దు టవరు మీద కాల్ పాతపట్నం వైపు వెళ్లే వీలుంది. అటవీశాఖ అనుమతితో పాటు, దారి తెలిసిన స్థానికుడొకరిని తీసుకెళ్లండి. సిగ్నల్ ఎక్కడ అందుతుందో అతనికే తెలుస్తుంది.

ఇంటికొచ్చాక తొలి సాయంత్రం నుంచే రోజూ చంకలు, గజ్జలు, నడుము పట్టీ కింద చూసుకోండి. స్క్రబ్ టైఫస్ తెచ్చే నల్లి కుట్టిన చోట కొద్ది రోజులకు సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది, నొప్పి ఉండదు, జ్వరం సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో వస్తుంది. మలేరియా జ్వరం కూడా వారం దాటాకే, కొన్నిసార్లు నెలకు. పర్లాకిమిడిలో ఉండే మీరు జ్వరమనగానే ఆశా కార్యకర్త దగ్గర వేలి రక్తపరీక్ష చేయించుకుంటారు. హైదరాబాదులో ఆ మిత్రుడికి వచ్చే జ్వరాన్ని అక్కడి క్లినిక్‌లో మామూలు వైరల్ అనుకోవచ్చు. అందుకని అతని ఫోనులో ఒక వాక్యం ఇప్పుడే రాసి పెట్టించండి: ‘గజపతి జిల్లా అడవిలో ఫలానా తేదీల్లో రెండు రాత్రులు పడుకున్నాను, మలేరియా, స్క్రబ్ టైఫస్ పరీక్షలు చేయండి.’